బాతు సూపు వాన్‌ఫా మానేసిన వారం

దౌనాన్ రైల్వే స్టేషన్ వెనక, స్కూటర్ల రిపేరు షాపు పై అంతస్తులో మా డయాలసిస్ క్లినిక్ ఉంది. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఏడింటి నుంచి పదకొండింటి దాకా, కిటికీ పక్క గదిలో నలుగురం పడుకుని ఉంటాం. మూత్రపిండాలు చెయ్యాల్సిన పని మిషన్లు చేసిపెడతాయి. మిషన్లకు చేతకానిది ఒకరినొకరు దెప్పుకోవడం. అది మేమే చూసుకుంటాం.

మాలో ఆఖరున చేరినవాడు ల్యావ్ వాన్‌ఫా. అరవై ఒక్క ఏళ్ల మనిషి. బజారు మలుపులో ముప్ఫై రెండేళ్లుగా బాతు సూపు అమ్ముతున్నాడు. విధికి హాస్యం తెలుసో లేదో నేను చెప్పలేను గాని, రోజుకు రెండు పెద్ద అండాల నిండా సూపు కాచే మనిషిని ఏరికోరి పట్టుకుని, ఇకనుంచి రోజు మొత్తానికి మూడు గ్లాసులు మించి ఏదీ తాగరాదని శాసించడంలో కొంత శ్రద్ధ కనిపిస్తుంది.

మా గదిలో అన్నిటికన్నా గంభీరమైన క్రతువు కాటా ఎక్కడం. కిందటిసారి దిగిన బరువుకూ ఈసారి ఎక్కిన బరువుకూ ఉన్న తేడా అంతా తాగిన నీళ్లే. ఆ తేడాను నర్సు తీర్పు చదివినట్టు పైకి చదువుతుంది.

వాన్‌ఫా చేరిన వారంలోనే ఒక తీర్పు వచ్చింది. "నాలుగు కిలోల రెండు వందలు."

మా మూడు తలలూ అతని వైపు తిరిగాయి.

"ఏం తమ్ముడూ, బాతుల్ని తిన్నావా, బాతులున్న చెరువు తాగేశావా?" అంది షియూయున్ అక్క. ఆవిడ ఒకప్పుడు జిప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. పదకొండేళ్లుగా మా గదికి పెద్దదిక్కు.

"రుచి చూశానక్కా, అంతే. గరిటెడు."

"ఎన్ని గరిటెలు?"

"లెక్కపెట్టలేదు."

"నేనూ బీరు లెక్కపెట్టేవాణ్ణి కాదు," అన్నాడు టాక్సీ నడిపే మింగ్‌త్సాయ్. "ఇప్పుడు చూడు, ఎంత హాయిగా పడుకున్నానో."

ఆ రోజు నుంచి వాన్‌ఫాకు మా విద్యలన్నీ నేర్పాం. నీళ్లను ఐసు ముక్కలుగా గడ్డకట్టించి రోజుకు ఎనిమిదే చప్పరించడం. చిన్న కప్పులో తాగడం. దాహమేస్తే పుక్కిలించి ఉమ్మేయడం. టీవీలో వంటల కార్యక్రమం వస్తే ఛానెల్ మార్చడం. రెండు నెలల్లో అతని తీర్పు రెండున్నర కిలోలకు దిగింది. అతన్ని మేమే తయారుచేశామన్నట్టు పొంగిపోయాం.

దుకాణంలో రుచి చూడటం పూర్తిగా మానేసి, చేతి అంచనాతో ఉప్పు వేస్తున్నాడన్న సంగతి మాత్రం మాకు తట్టలేదు.

ఒక మంగళవారం దుకాణంలో పనుందని కబురు పెట్టి రాలేదు. నమ్మాం. గురువారం కూడా రాలేదు. మింగ్‌త్సాయ్ సూది లేని చేత్తో ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"అన్నా, ఎక్కడున్నావ్?"

"దుకాణంలో." మాటకూ మాటకూ మధ్య ఆయాసం వినిపిస్తోంది. "నేనింక రానురా. మొన్న స్టేషన్ మాస్టారు సగం గిన్నె వదిలేసి, బాగుందని చెప్పి వెళ్లాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా బాగుందనలేదు. గిన్నె ఖాళీ చేసి పోయేవాడు, అంతే. నా సూపే నాకు తెలీనప్పుడు ఈ మంచాలూ సూదులూ ఎందుకు చెప్పు?"

ఫోన్ పెట్టేశాడు.

"విప్పమ్మా నన్ను," అంది అక్క నర్సుతో.

"ఇంకా రెండు గంటలుందక్కా."

చచ్చిపోతున్న మనిషిని కాపాడాలని ముగ్గురు ఆవేశపడుతూ, ముగ్గురూ మిషన్లకు కట్టేసి ఉండటం కన్నా హీనమైన దృశ్యం నేను చూడలేదు. ఈలోగా నర్సు మధ్యాహ్నం షిఫ్టులో ఒక మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కుంది. ఉంది. ఒంటిగంటలోగా తీసుకురమ్మంది.

పదకొండింటికి మిషన్లు విప్పగానే మింగ్‌త్సాయ్ టాక్సీలో బయల్దేరాం. వాన్‌ఫా అండా పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చీలమండలు ఉబ్బి చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. ఎదురుగా ఖాళీ గిన్నె.

"తాగావా?" అంది అక్క.

"తాగాను."

"ఎలా ఉంది?"

"ఉప్పు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇన్నాళ్లూ జనానికి ఇదే పోశాను."

"ఇక మీదట మేం చూసిపెడతాం," అని మింగ్‌త్సాయ్ ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాడు. ముఖం వంకర్లు పోయింది. నేనూ చూశాను. సముద్రంలా ఉంది.

"మీ నాలుకల మొహం," అంది అక్క. "ఉప్పు మానేసి ఏళ్లయింది, మనకి ఉత్త గంజి కూడా ఉప్పగానే ఉంటుంది. మనల్ని నమ్ముకుంటే వీడి దుకాణం మూతే. తమ్ముడూ, నోట్లో పోసుకో, రుచి చూడు, ఉమ్మెయ్."

"బాతు సూపు ఉమ్మడమా! పైనుంచి మా నాన్న చూస్తుంటాడక్కా."

"నువ్విలాగే కూర్చుంటే ఆదివారానికల్లా ఆయన్ని ఎదురుగానే చూస్తావు. అప్పుడేం చెబుతావ్?"

వాన్‌ఫా ఖాళీ గిన్నెను పక్కకు నెట్టాడు. అక్క ఇంకో స్టూలు లాక్కుని అతని పక్కన కూలబడింది.

"నేనూ మానేశాను, మూడో ఏట," అంది. "క్లినిక్కి సెలవని మా అబ్బాయికి అబద్ధం చెప్పాను. పడుకుంటే ఊపిరాడక కుట్టు మిషన్ మీద తల పెట్టుకుని కూర్చునేదాన్ని. పక్క మంచం హొంగ్ ముసలాయన ఫోన్ చేశాడు. నువ్వు లేకపోతే నా జోకులకి నవ్వేవాళ్లు లేరు, రావే, అన్నాడు. ఆయన జోకుల్లో ఒక్కటీ నవ్వొచ్చేది కాదు. అయినా వెళ్లాను."

"ఆయన ఏ షిఫ్టులో ఉన్నాడిప్పుడు?"

"పోయాడు. నువ్వు పడుకునేది ఆయన మంచం మీదే." అక్క అతని ఉబ్బిన చెయ్యి పట్టుకుంది. "అది ఖాళీగా ఉంటే నేను చూడలేనురా. ఇంకోసారి చూడలేను."

వాన్‌ఫా చాలాసేపు అండాలోకి చూశాడు. తర్వాత వంగలేక వంగి పొయ్యి ఆపాడు. దుకాణం షట్టరు మింగ్‌త్సాయ్ దించాడు.

కాటా ఆరు కిలోల తేడా చూపించింది. ఆ రోజు మాత్రం నర్సు ఆ అంకెను పైకి చదవలేదు.

మమ్మల్ని ఇళ్లకు పొమ్మన్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను, అక్క చుట్టాలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పదకొండేళ్లలో ఆవిడ ఆ కుర్చీ ఎక్కడం అదే మొదటిసారి.

"ఇక్కణ్ణుంచి చూస్తే ఇంత విసుగ్గా ఉంటుందా!" అంది నాతో. "పాపం, మావాడు ఊరికే ఫోన్ నొక్కుతున్నాడని తిట్టేదాన్ని."

మూడింటికల్లా వాన్‌ఫా ఆయాసం తగ్గింది. మంచం వాల్చమని తనే అడిగి, రెండు రోజుల తర్వాత మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. అతని గురక భరించలేకపోతున్నానని అక్క నర్సుకు రెండుసార్లు ఫిర్యాదు చేసింది. సరే లేపుతానని నర్సు వస్తే, రెండుసార్లూ అడ్డం కూర్చుంది.