బొమ్మలో అక్క

మా బావ ఆరుబయట నిలబడి ఆయిల్ రంగులతో పల్లెల బొమ్మలు వేస్తాడు. ఎదురుగా సెల్ టవరు, దాని పక్కనే నీలం రేకుల కోళ్ల షెడ్డు ఉన్నా సరే, బొమ్మలో మాత్రం పూరిళ్లు, పశువులు, మట్టిబాట. ఫ్రేముల కొట్టాయనకు అవే కావాలి. జనం వాటిని చూసి "అయ్యో, ఆ రోజులే వేరు" అని నిట్టూర్చి కొనుక్కుపోతారు. వాళ్లలో సగం మంది ఆ రోజుల్లో పుట్టి కూడా ఉండరు.

"లేనివి వేయడానికి ఇంతదూరం రావడమెందుకు బావా? ఇంట్లోనే కూర్చుని వేసుకోవచ్చుగా" అని ఎన్నోసార్లు అడిగాను. నా ఆటోలోనే కదా ఆయన తిరిగేది!

"ఎండ ఎక్కడ ఎట్లా పడుతుందో ఇంట్లో ఏం తెలుస్తుందిరా?" అనేవాడు.

అక్క కూడా వెంట వచ్చేది. ఎండకు ఆయన పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని, మడత కుర్చీలో కూర్చునేది. గుడ్డపీలికలు అందించడం, బ్రష్షులు కడగడం, తడి రంగుకు అంటుకున్న దోమల్ని గుండుసూదితో తీయడం ఆమె పని. అదేమంత తేలిక కాదు. నేనొకసారి ప్రయత్నించి దోమతో పాటు ఆవు చెవి కూడా పీకేశాను.

ఇప్పుడు అక్కకు మోకాళ్లు అరిగిపోయాయి. గట్లూ గుట్టలూ ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ ఒక్కసారికి వస్తానని పట్టుబట్టి ఆటో ఎక్కి, దారిలో అంది: "ఇవాళ నన్ను వెయ్యండి. ఇన్నేళ్లూ మీ ఎదురుగానే కూర్చున్నాను. ఒక్క బొమ్మలోనూ లేను."

"అట్లాగే" అన్నాడు బావ. ఆ ఒక్క మాటకే అక్క ముఖం చూడాలి. ఇన్నేళ్లకా ఇంత చిన్న కోరిక తీరేది అని నాకు ప్రాణం ఉసూరుమంది.

గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మోకాలికి పట్టీ, కళ్లకు నల్లద్దాలు, ఒంటి మీద ఆ రంగు మరకల చొక్కా. మంచినీళ్లు కూడా అడగకుండా కూర్చుంది. బావకూ ఓపిక తగ్గింది. చెయ్యెత్తితే భుజం లాగుతుంది. ఆగి ఆగి వేస్తూ పొద్దు వాలే వేళకు ముగించాడు.

అక్కను మెల్లగా నడిపించుకెళ్లాను. బొమ్మలో గట్టు మీద ఒక పడుచుపిల్ల నడిచిపోతోంది. నెత్తిన గడ్డిమోపు, సన్నటి నడుము. కుర్చీ లేదు, చొక్కా లేదు.

"ఎవరండీ ఈవిడ?" అంది అక్క.

బావ బొమ్మను చూశాడు, అక్కను చూశాడు. పాపం, అప్పటిదాకా ఆయనకే తెలియలేదు. ఎప్పుడూ వేసే ఆ పిల్లను చెయ్యి తన మానాన తాను వేసుకుపోయింది.

"కోళ్ల షెడ్డుతో పాటు మా అక్కనూ తీసిపారేశావా?" అని అరిచాను. ఒళ్లు మండిపోయింది మరి.

ఆయన రంగులు కలిపే కత్తితో ఆ పిల్లను గీకేశాడు. పచ్చి రంగు కదా, ఇట్టే ఊడివచ్చింది. "కూర్చో, మళ్లీ వేస్తాను" అన్నాడు.

"నా వల్ల కాదండీ. ఒళ్లు హూనమైంది" అంది అక్క. ఎండ కూడా పోయింది.

మర్నాడు ఎప్పటిలాగే కొట్టుకు పట్టుకెళితే, కొట్టాయన ఆ బొమ్మ చూసి తెగ మురిసిపోయాడు. గీకిన చోటు వేలితో చూపిస్తూ, "ఈ పొగమంచు అద్భుతమండీ! ఇట్లాంటివే ఇంకా వేసుకురండి" అన్నాడు.

"అది మంచు కాదు, మా ఆవిడ" అన్నాడు బావ. పచ్చి రంగు అంటకుండా బొమ్మను అంచులు పట్టుకుని వచ్చి ఆటోలో కూర్చున్నాడు.

బొమ్మ ఇంటికి తిరిగిరావడం చూసి అక్క కంగారుపడింది. "వద్దన్నాడా?"

"నేనే ఇవ్వలేదు."

అక్క బొమ్మను ఒళ్లో పెట్టుకుని, గుండుసూది తీసి, ఆ గీకిన చోట అంటుకున్న దోమల్ని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. బావ గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఎండలోనే నిన్ను వెయ్యాలనుకున్నానే. ఇక నువ్వు రాలేవు" అన్నాడు.

అక్క తల ఎత్తలేదు. "పొద్దున్నే మన వంటింటి కిటికీలోంచి బోలెడంత ఎండ పడుతుంది. ఇంట్లో ఉంటేగా మీకు తెలిసేది!"