రోసా నేర్పిన గుమ్మడికాయ కజ్జికాయలు

తొమ్మిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

క్లైడ్ నార్త్‌లో మా పక్కింట్లో పార్వతి ఆంటీ ఉండేవారు. మన దేశం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. బయటికి వెళ్తే ఒక అరటిపండుతో పూట గడిపేసేవారు.

నేను పనిచేసే చైల్డ్‌కేర్‌లో రోసా అనే మెక్సికో ఆవిడ ఉండేది. ఒకరోజు వాళ్ల ఎంపనాడాలు తెచ్చింది. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయలే. లోపల గుమ్మడికాయ, బెల్లం, దాల్చినచెక్క, లవంగాలు. నూనెలో వేయించరు, ఓవెన్‌లో కాలుస్తారు. నేర్పమన్నాను. పై పిండిలో పంది కొవ్వు కలపాలని ఆమె దాచకుండానే చెప్పింది. నేను నెయ్యితో చేశాను. రెండుసార్లూ చెక్కల్లా వచ్చాయి. మూడోసారి సూపర్‌మార్కెట్‌లో వెన్న పక్కనే ఉండే ఆ తెల్లటి ముద్ద కొన్నాను. మేము మాంసం తింటాం కదా, మా ఇంటి వరకే అనుకున్నాను. పొరలు పొరలుగా వచ్చాయి.

ఆ సాయంత్రమే ఆంటీ వచ్చారు. పళ్లెం బల్ల మీదే ఉంది. తీసి లోపల పెట్టి ఉండొచ్చు. ఎందుకు పెట్టలేదు? నా పనితనం ఎవరైనా చూడాలనిపించింది, అంతే. వంట బాగుందని ఒక్కరూ అనని ఇల్లు మాది.

"కోడిగుడ్డు గాని వేశావా అమ్మా?"

"లేదాంటీ. ఎగ్‌లెస్సే."

అబద్ధం కాదు. ఇక్కడ మన శాకాహారులు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. దానికి నిజం చెప్పి తప్పించుకున్నాను. ఆవిడ ఒకటి తిని, ఇంకొకటి అడిగి తీసుకున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటు అనుకునేదాన్ని. దసరాకి చేసిపెట్టమన్నారు. తలస్నానం చేసి, శుభ్రంగా, అదే కొవ్వుతో చేశాను. నెయ్యి వేస్తే తేడా కనిపెడతారని, ఎందుకని అడుగుతారని భయం. ఆవిడ వాటిని అమ్మవారికి నైవేద్యం పెట్టి అందరికీ పంచారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. కళ్లకద్దుకుని తిన్నాను. నేను ఎలాంటి మనిషిని?

తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. ఏదీ సహించని రోజుల్లో వీటినే సగం సగం తినేవారు.

"ఇంకెవరి చేతిదైనా సంకోచమేనమ్మా," అన్నారు ఒకసారి. "నీ దగ్గర ఆ దిగులు లేదు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ స్థితిలో ఆవిడ మనసు విరిచేయడం ఎందుకని ఊరుకున్నానా, నా పరువు కాపాడుకోవడానికి ఊరుకున్నానా? జాలి అని పేరు పెట్టుకున్నాను. జాలి కాదు.

ఆవిడ పోయారు. ఏడాది తిరిగాక, అత్తగారికి ఇష్టమని కోడలు స్వాతి వాటిని ఎలా చేయాలో అడిగింది. నెయ్యి అని రాసిచ్చాను. గట్టిగా వచ్చాయి. "అత్తయ్యకి నా వంట ఎప్పుడూ నచ్చలేదు. ఇదీ నాకు చేతకాలేదు" అని ఏడ్చింది. ఓవెన్ వేడి తగ్గించి చూడమన్నాను.

ప్రతి ఏడాదీ చేస్తోంది. ప్రతి ఏడాదీ గట్టిగానే వస్తున్నాయి. లోపం తన చేతిదే అనుకుంటోంది.

ఆంటీకి పంది కొవ్వు తినిపించాను. తెలిసే తినిపించాను. ఈ రెండు ముక్కలు రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. మొన్న స్వాతి మళ్లీ అడిగితే మాత్రం, నెయ్యి ఇంకొంచెం ఎక్కువ వెయ్యమనే చెప్పాను.