కరెంటు పారని నల్ల ట్రేలు

తెనాలిలో ప్లాస్టిక్ సామాను అచ్చు పోసే చిన్న ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించడం నా పని. రోజూ రేపల్లె నుంచి రైల్లో వెళ్లేదాన్ని. మేం చేసేవి ఎలక్ట్రానిక్ భాగాలు పెట్టుకునే నల్లటి ట్రేలు. మామూలు ప్లాస్టిక్‌లో కరెంటు పారదు. దాని మీద పోగయ్యే స్థిర విద్యుత్తుకు ఆ భాగాలు పాడైపోతాయి. అందుకని కార్బన్ పొడి కలుపుతారు. ఆ రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ వరస కడితేనే కరెంటుకు దారి.

పొడి తూచి కలిపేది పిట్టలవానిపాలెం నుంచి వచ్చే ఒక పెద్దాయన. బాబాయ్ అనేదాన్ని. గోళ్లలో నలుపు పోదని, ఆదివారం చర్చిలో చేతులు జేబులోనే ఉంచుకుంటానని నవ్వేవాడు.

ఆ వేసవిలో పెద్ద ఆర్డరొచ్చింది. యజమాని మిషను వేగం పెంచించారు. ఆ మధ్యాహ్నం నుంచి, కరెంటు పారుతుందో లేదో చూసే నా మీటరులో ఒక్క ట్రే కూడా పాసవలేదు.

"పొడి తక్కువేసుంటాడు," అన్నారాయన.

"లేదండి, తూకం దగ్గర నేనే ఉన్నాను. కరిగిన ప్లాస్టిక్‌ని అంత జోరుగా అచ్చులోకి తోస్తే రేణువుల వరస తెగిపోతుందండి. కాస్త నెమ్మదిగా పోయిద్దాం సార్."

"శుక్రవారం లారీ వస్తుందమ్మా. ఇప్పుడు నెమ్మదంటే ఎట్లా?"

భోజనాల వేళ మిషను నడిపే అతన్ని బతిమాలి నెమ్మదిగా పది ట్రేలు పోయించాను. పదీ పాసయ్యాయి. తీసుకెళ్లి చూపించాను. ఆయన చూశారు, పక్కన పెట్టించారు. పాసవని ట్రేలతోనే లారీ శుక్రవారం వెళ్లింది.

పది రోజులకు సరుకంతా తిరిగొచ్చింది. కొన్నవాళ్లు కారణం రాసిమ్మన్నారు. "కలపడంలో పొరపాటు" అని యజమాని టైపు చేయించి నా ముందు పెట్టారు. ఆయన నిలబడే ఉన్నారు. ఇంట్లో జీతం నాదొక్కటే. సంతకం పెట్టాను.

బాబాయ్‌ని పనిలోంచి తీసేశారు. సాయంత్రం టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మా, నా తూకంలో తేడా ఉందంటగా?"

"లేదు బాబాయ్."

"మరి ఆ మాట సారుకు చెప్పావా?"

"చెప్పాను." కాగితం సంగతి మాత్రం నోట రాలేదు.

"ఇంకేం చేస్తావులే," అని నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

కొత్తగా వచ్చినతను పొడి ఎక్కువ వేశాడు. ట్రేల మూలలు పుటుక్కున విరిగేవి. బాబాయ్‌ని మళ్లీ పిలిపించమని ఒకసారి అడిగాను. యజమాని ఫోన్లోంచి తల ఎత్తలేదు. మీటరు దగ్గరికి తిరిగొచ్చాను.