బూడిద మూట నాది

“మే, ఆ బూడిద నీదని పాపకు చెప్పాల నేను” అన్నాడు నా మొగుడు, మంచంలో పక్కకు తిరిగి.

“ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా నీకు? కాఫీ తాగి చెప్దువులే” అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరు మాటలు. కాఫీ కాచుకొని వచ్చేసరికి మనిషి లేడు. పాపకు చెప్పనే లేదు.

పాప అంటే నా కూతురు. బెంగళూరులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. అదే దానికి ఉద్యోగం, అదే జీతం. ఆటగత్తెల ఇళ్లలోవాళ్ల మాటలతో వాళ్ల జట్టు ఒక పుస్తకం వేస్తుందట. నాయన గురించి నాలుగు మాటలు చెప్పి పంపమని ఫోన్ చేసింది. నాకు సంతకం మటుకే వచ్చు. అందుకే మా తమ్ముడి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్తుంటే, ఆ అమ్మి రాస్తోంది. నాయన గురించి అంట. మరి నా గురించి చెప్పేదెవరు?

మాది ధర్మవరం పక్క పల్లె. ఇంట్లో పట్టుచీరల మగ్గం. ఒక పడుగు, అదే నిలువు పోగుల వరుస, అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్లకు ఇంత బూడిద అద్దుకుంటే పోగు జారదు. ఆ పని నాదీ పాపదీ. నాకంటే దాని వేళ్లే చురుకు. బడిలో ఆ బంతి పట్టినప్పటి నుంచి వేళ్ల కొసలు గరుకెక్కి, పోగు తగులుకొని తెగిపోయేది. ఆ బంతిని చూస్తే నాకు సవతిని చూసినట్టే ఉండేది.

ఆయన మటుకు మగ్గం దిగి, పిల్లను సైకిలెక్కించుకొని గ్రౌండుకు పోయేవాడు. దాని వంతు పోగులు కూడా నేనే అతికేదాన్ని. కళ్లు మంటలెత్తేవి. ఆడ చప్పట్లు కొట్టినవాడు కనిపించాడు పిల్లకు. ఈడ వంగి కూర్చున్నది ఎట్లా కనిపిస్తుంది?

అనంతపురంలో జట్టుకు సెలక్షన్ పెట్టారు. ఆట కాగానే తిరుగు దారిలో ధర్మవరంలో ఒకరి మగ్గం దగ్గర పోగులు అతికే పని ఒప్పుకొని ఉన్నాం. గరుకు వేళ్లతో పాప వాళ్ల పట్టు పాడుచేస్తుందని, పొద్దున్నే దాని రెండు చేతులకూ ఆముదం బాగా పట్టించాను. మధ్యాహ్నానికి ఇంకిపోతుందిలే అనుకున్నాను. బంతి సంగతి నా తలకే రాలేదు. అతికేటప్పుడు అక్కరకొస్తుందని బూడిద జల్లించి, పాతగుడ్డలో మూట కట్టి ఆయన సంచిలో పెట్టి, ఇద్దర్నీ పంపాను.

ఆడ బంతి చేతిలో నిలవలేదట. సబ్బుబిళ్లలా జారిపోతుందట. సారు కసురుకున్నాడట. పిల్ల ఏడుస్తూ బయటకు వస్తే, ఈయన సంచిలో చెయ్యి పెట్టి మూట విప్పి, దాని అరచేతులకు బూడిద రుద్దాడు. మళ్లీ పోయి ఆడింది. తీసుకున్నారు.

అప్పటినుంచి ఎవరు అడిగినా పాప ఒకటే కథ చెప్తుంది: అమ్మ ఆముదం పూసింది, నాయన బూడిద పూసినాడు. ఒకసారి మేమిద్దరం ఆట చూడను బెంగళూరు పోతే, జట్టు పిల్లలంతా నా చుట్టూ చేరి చేతులు చాపారు. “ఆంటీ, ఆముదం తెచ్చినారా?” అని అడిగింది ఒక పొడుగు పిల్ల. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఆయన పక్కనే కూర్చొని మీసం దువ్వుకుంటున్నాడు. ఆ మూట ఎవరు కట్టారో ఒక్క మాట అనలేదు.

రైలెక్కినాక అడిగాను. “పిల్ల అంత ముచ్చటగా చెప్తాంటే నడుమ యాడ అడ్డం పడేది?” అన్నాడు. ఆ మెప్పు ఆయనకు తియ్యగా ఉండింది. అంతే.

ఇప్పుడు ఫోన్‌లో దాని ఆట చూస్తుంటాను. బంతి బుట్టలో పడగానే అరచేతిని ముద్దు పెట్టుకొని పైకి చూస్తుంది. జనం దేవునికి అనుకుంటారు. అది నాయనకని నాకు తెలుసు. కడుపు మండుతుంది నాకు. చచ్చిపోయిన మనిషి మీద కుళ్లేమిటని మా మరదలు అంటుంది. బతికుంటే ఎదురుగానే తిట్టేదాన్ని కదా. పోయి, మెప్పంతా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ రోజు కాఫీ కాయకుండా, ఫోన్ చేసి చేతికి ఇచ్చుంటే ఆయన నోటితోనే చెప్పేవాడు. ఇప్పుడు నేను చెప్తే పాప నమ్మాలి కదా. నాయన మీద ఏడుపుతో అల్లిందనుకుంటే?

మా అమ్మి రాయడం ఆపి నా మొహం చూసింది.

“అత్తా, ఆముదం గూడా రాయాల్నా?”

“రాయి. అది నిజమని పాపకు తెలుసు. అదుంటేనే రెండోది నమ్ముతాది. మూట ఇప్పింది వాళ్ల నాయనే, కాదనను, అదీ రాయి. జల్లించి కట్టింది మటుకు నేను. ఆ పాతగుడ్డ దాని చిన్నప్పటి పచ్చ పావడాది. మూటకు చింపగా మిగిలిన అంచు ఇంకా ఉండాది నా పెట్టెలో. వచ్చి చూసుకోమను. రాసినావా? ఏదీ, మొదట్నుంచి చదువు అమ్మీ. మూట కాడికి వచ్చినప్పుడు నిదానంగా చదువు.”