ఓస్గార్డ్ గారి తిట్లు, కోరా కెమిస్ట్రీ

“ఇంకో కోర్సు చెయ్యమంటారా?” అని వెర్నా ఓస్గార్డ్ గారిని అడిగి, తిట్లు తినకుండా బయటికొచ్చిన మనిషిని పదకొండేళ్ళలో నేను ఒక్కరిని కూడా చూడలేదు. “ఇంకో” అనే రెండక్షరాలు చెవిన పడగానే ఆవిడ కుర్చీలోంచి లేచేది. “కోర్సు” అనేసరికి ముఖం ఎర్రబడేది. వాక్యం పూర్తయ్యేలోపు గొంతు మెట్లు దిగి లైబ్రరీ దాకా వెళ్ళేది.

అమెరికాలో డులూత్ అనే ఊళ్ళో మా కాలేజీకి ఆవిడ సలహాదారు. ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుకి దరఖాస్తు పెట్టేవాళ్ళందరూ ఆవిడ దగ్గరికే రావాలి. డాక్టరు పక్కన ఉండి రోగిని పరీక్షించి మందులు రాసే ఉద్యోగం అది. సీట్లు తక్కువ, ఆశపడేవాళ్ళు బోలెడుమంది. సీటు రానివాళ్ళందరికీ మొదట తట్టే ఆలోచన ఒకటే, ఇంకాస్త చదివితే వస్తుందేమోనని. ఆవిడ గది బయట బల్ల నాది. పేరు రాసుకుని లోపలికి పంపడం, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం నా పని.

ఒకసారి ఒకతను వచ్చాడు. అన్నిట్లోనూ మొదటి శ్రేణి మార్కులే.

“మాస్టర్స్ కూడా చేస్తే దరఖాస్తు నిండుగా ఉంటుంది కదండీ?” అన్నాడు.

“నీ మార్కులకేం రోగం? రోగం అంటే గుర్తొచ్చింది, రోగినెప్పుడైనా ముట్టుకున్నావా?”

“లేదండీ.”

“ముట్టుకోకుండా ఇంకో రెండేళ్ళు పుస్తకాలు తిరగేస్తావా? పో! వృద్ధుల ఆశ్రమంలో ముసలాళ్ళకి స్నానాలు చేయించు!”

అతను ఏడాది స్నానాలు చేయించి, సీటు తెచ్చుకున్నాడు.

అతన్ని తిట్టిన మర్నాడే అంబులెన్సులో పనిచేసే ఒకామె వచ్చింది. ఆమెకి సైన్సు మార్కులన్నీ నేలబారుగా ఉన్నాయి. “నాకు అనుభవం ఉంది, మళ్ళీ చదవక్కర్లేదు కదా?” అంది.

“ఎవరు చెప్పారు అక్కర్లేదని?” ఓస్గార్డ్ గారు మళ్ళీ లేచింది. “రక్తం చూసినంత మాత్రాన రక్తం గురించి తెలిసిపోతుందా? కూర్చుని మొదటినుంచీ చదువు!”

నేనుండబట్టలేక అడిగాను. “నిన్న చదవద్దని తిట్టారు, ఇవాళ చదవమని తిడుతున్నారు. అసలు పై చదువు మంచిదా, చెడ్డదా?”

“ఎవరికి?” అని నామీద అరిచింది. “మనిషిని చూడకుండా మందు రాయమంటావా నన్ను?”

ఏటా అక్టోబరులో మా హాలులో విద్యా ప్రదర్శన జరుగుతుంది. ఒక ఏడు ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దమనిషి, మెరిసే కరపత్రాలతో బల్ల పెట్టుకుని కూర్చున్నాడు. “మా రెండేళ్ళ మాస్టర్స్ చేస్తే మీ దారి సుగమం” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఓస్గార్డ్ గారు కోటు కూడా విప్పకుండా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“మీ దగ్గర చదివినవాళ్ళలో ఎంతమందికి సీటొచ్చింది?”

“చాలామందికండీ.”

“చాలా అంటే?”

“అలా ప్రత్యేకంగా లెక్క తీయలేదు...”

“నాలుగు రంగుల్లో బొమ్మలెయ్యడానికి తీరికుంది, పిల్లలేమయ్యారో కనుక్కోవడానికి లేదా? మార్కులు తక్కువైనవాడికి ఇదే, ఎక్కువైనవాడికీ ఇదేనా?”

ఆయన నవ్వబోయాడు. మధ్యాహ్నానికల్లా బల్ల మడిచేసుకున్నాడు.

కానీ అప్పటికే ఒక కరపత్రం కోరా టిబ్బెట్స్ చేతిలో పడింది.

కోరాకి ఇరవైతొమ్మిదేళ్ళు. ఆరేళ్ళుగా వృద్ధుల ఆశ్రమంలో సహాయకురాలు. ఆమె చెయ్యి పట్టుకుంటే తప్ప అన్నం తినని ముసలమ్మలు ముగ్గురున్నారక్కడ. రెండేళ్ళు వరసగా దరఖాస్తు పెడితే ఎనిమిది చోట్లా కాదన్నారు. మాస్టర్స్‌లో చేరడానికి ఉద్యోగం మానేస్తానని ఆశ్రమంలో చెప్పడానికి సిద్ధమై, నింపిన కాగితాలతో వచ్చింది. ఓస్గార్డ్ గారి కేకలకి ఆరోజు తలుపు వెయ్యడం కూడా దండగే అయింది.

“ఎనిమిది చోట్ల కాదన్నారే, ఎందుకని ఒక్కరినైనా అడిగావా?”

“చెప్పరు కదండీ.”

“ఎలా చెప్పరో నేనూ చూస్తాను!” అని, కాదన్న కాలేజీల్లో ఒకదానికి ఫోను కలిపింది. “నేను లైను వదలను. నా భోజనం ఇక్కడే ఉంది, సాయంత్రం దాకా ఉంటాను” అని అవతలివాళ్ళతో అంటోంది. నలభై నిమిషాలకి జవాబు వచ్చింది. అనుభవం బ్రహ్మాండం, మిగతా మార్కులు బాగున్నాయి, కానీ కెమిస్ట్రీలో అత్తెసరు డి గ్రేడు ఉంది. పద్ధెనిమిదేళ్ళప్పుడు తెల్లవారుజామునే బేకరీలో పనిచేసి, తరగతిలో నిద్రపోతూ తెచ్చుకున్న డి అది.

“విన్నావా? చిల్లు ఒకచోట ఉంటే పడవంతా కొత్తది కొంటావా? ఇంకో డిగ్రీ వద్దు. ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీలో ఈ ఒక్క సబ్జెక్టు మళ్ళీ చెయ్యి. ఉద్యోగం మానకు.”

“కెమిస్ట్రీ నావల్ల కాదు మేడమ్. ఆ గది తలుపు చూస్తేనే చేతులు చల్లబడిపోతాయి.”

“అయితే గ్లవ్స్ వేసుకో!”

కోరా ఏడ్చేసింది. “ఏడిస్తే ఏడు, నా కాగితాలు తడపకు” అంది ఆవిడ. ఆరోజు నాకూ ఒళ్ళు మండింది. కోరా వెళ్ళాక లోపలికెళ్ళి, “మీరసలు మనిషేనా? ఆ పిల్ల రెండేళ్ళ నించీ దెబ్బ మీద దెబ్బ తింటోంది. ఒక్క మంచి మాట అంటే మీ నోరు అరిగిపోతుందా?” అనేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆవిడ నన్నొకసారి చూసి, “తలుపు వేసి వెళ్ళు డీలియా” అంది, ఎన్నడూ లేనంత మెల్లగా.

జనవరి నుంచి మంగళ, గురువారాల్లో నాలుగింటికల్లా ఆవిడ మాయమైపోవడం మొదలైంది. అడిగితే పంటి డాక్టరు అనేది. పదో వారంలో, “ఇంకా ఎన్ని మిగిలాయండీ నోట్లో?” అన్నాను. “నిన్ను కరవడానికి సరిపడా” అంది.

ఒక గురువారం కోరా సంతకం అవసరమైన కాగితం ఒకటి వచ్చింది. ఆరోజే పంపాలి. కమ్యూనిటీ కాలేజీకి నేనే తీసుకెళ్ళాను. కెమిస్ట్రీ గది అద్దంలోంచి చూస్తే రెండో బెంచీలో కోరా ఉంది. ఆమె పక్కన, నుదుటి మీద కళ్ళద్దాలు, వాటి మీద ప్రయోగశాల అద్దాలు పెట్టుకుని, పంతులుగారి మీద వేలు ఆడిస్తూ అరవైమూడేళ్ళ ఓస్గార్డ్ గారు!

“అంత తొందరగా చెరిపేస్తే ఎలాగయ్యా? ఈ అమ్మాయికి అర్థం కాలేదు, అడగడానికి మొహమాటపడుతోంది. మళ్ళీ చెప్పు!”

“నాకు అర్థమైంది మేడమ్,” అంది కోరా గొణుగుతూ.

“అయితే నాకు కాలేదు! చెప్పవయ్యా!”

విరామంలో పంతులు పెల్కీ గారు బయటికొచ్చి చెమట తుడుచుకున్నారు. “ఆవిడకిది నాలుగోసారమ్మా,” అన్నారు. “ఒంటరిగా ఈ గదిలోకి రాలేనివాళ్ళు ఎవరైనా తగిలితే, వాళ్ళతోపాటు తనూ పేరు రాయించుకుంటుంది. ప్రతిసారీ నా ప్రాణం తీస్తుంది.”

ఇంతలో ఆవిడ నన్ను చూసింది. “ఏంటలా నోరు తెరిచావ్? ఆఫీసు ఎవరు చూస్తున్నారు?”

నేను నవ్వు ఆపుకోలేక, కాగితం కోరాకిచ్చి పారిపోయాను.

కోరాకి ఆ తర్వాతి ఏడు సీటొచ్చింది. కానీ ఆ కబురుకన్నా నాకు బాగా గుర్తున్నది చివరి పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు. ఇద్దరూ నా బల్ల దగ్గరికే వచ్చారు. కోరాకి ఎ. ఓస్గార్డ్ గారికి బి మైనస్.

“నాలుగుసార్లు చదివాను! నాకు బి మైనస్సా? వాడి మొహాన కొడతాను ఈ పేపరు!” అని ఆవిడ కోటు తొడుక్కుంటోంది.

“ఒక్క నిమిషం కూర్చోండి మేడమ్,” అంది కోరా.

“కూర్చోను!”

“కూర్చోండి.”

ఆ గొంతులో ఏముందో, ఆవిడ కూర్చుంది. కోరా నా పెన్సిలు తీసుకుని, నా రిజిస్టరు వెనక అట్టమీదే ఆవిడకి మార్కులు పోయిన ప్రశ్నని మొదటినుంచీ చేసి చూపించింది. ఎక్కడ తప్పారో, ఎందుకు తప్పారో, అన్నం తినని ముసలమ్మకి చెప్పినంత ఓపికగా చెప్పింది. ఓస్గార్డ్ గారు పావుగంట ఆ పెన్సిలు వెనకే వేలు కదుపుతూ కూర్చుంది. చివరికి అట్టని రెండుసార్లు ఇటూ అటూ తిప్పి చూసింది.

“సరేలే, పెల్కీదే కరెక్టు,” అంది. అంత కోపంగా తప్పు ఒప్పుకున్న మనిషిని మళ్ళీ నేను చూడలేదు.