పై మెట్టు మీది బొమ్మ

ఆండాళ్ తన బొమ్మల కొలువులో చేతబడి బొమ్మ పెట్టిందని అమెరికాలోని అల్ఫారెట్టాలో మనవాళ్లంతా చెవులు కొరుక్కుంటున్నారు. ఆ మాటలో బొమ్మ నిజం, చేతబడి అబద్ధం. చూడకుండా చెప్పేవాళ్లకు కళ్లెందుకు, ఫోన్లుంటే చాలదూ!

ఆ బొమ్మ జానెడున్నర ఎత్తుంటుంది. నల్లని చెక్క మొహం, జడల నిండా గవ్వలు, ఒంటిమీద చంద్రమండలానికి వెళ్లేవాళ్లు తొడుక్కునే వెండిరంగు దుస్తులు, వాటి అంచుకు ఆండాళ్ పాత పట్టుచీర ముక్క. చేసింది లొరెయిన్. ఆమె నల్లజాతి మనిషి. ఇద్దరూ ఒకే ఆసుపత్రి ల్యాబ్‌లో పక్కపక్క బల్లల దగ్గర నిలబడి, జనం నెత్తురు పరీక్షించి పరీక్షించి, అరిగిన మోకాళ్లతో రిటైరయ్యారు.

తను చేసేదాన్ని ఆఫ్రోఫ్యూచరిజం అంటారంది లొరెయిన్. ఆండాళ్‌కు ఒకపట్టాన ఎక్కలేదు. విడమరిచి చెప్పింది. వాళ్ల పెద్దల్ని ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడలకెక్కించి తెచ్చినప్పుడు పేర్లతో సహా ఊడబెరికారట. ముత్తవ్వకు అవతల ఎవరున్నారో లొరెయిన్‌కు తెలియదు. పోనీ రాబోయే కాలం కథలు చూద్దామా అంటే రాకెట్లుంటాయి, నక్షత్రాలుంటాయి, వాళ్లే ఉండరు. అందుకని వాళ్లలో రాసేవాళ్లు, పాడేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు పాత డప్పునూ గవ్వనూ తెచ్చి రేపటి యంత్రం పక్కన పెట్టారు. రేపట్లో మేమూ ఉన్నాం అన్నారు.

కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి కదా. ఈ దసరాకు ఆండాళ్ దాన్ని పై మెట్టు మీద, అమ్మ ఇచ్చిన కొయ్య దంపతుల పక్కన కూర్చోబెట్టింది.

ఇవాళ పేరంటం. సెనగలు ఉడికించి, తాలింపు వేసి, నడుము పట్టేసి ఆండాళ్ సోఫాలో కూలబడింది. ఫోన్‌లో ఒకటే "సారీ ఆంటీ"లు. కొలువులో బొమ్మను చూసుకోవడానికి లొరెయిన్ కాసేపట్లో వస్తుంది. వీధి చివరి ఉజ్వల మాత్రం ముందే దిగింది.

"ఆంటీ, ఏమనుకోకండి. దాన్ని కింది మెట్టుకి షిఫ్ట్ చేసేద్దాం. కూరగాయల సెట్ పక్కన క్యూట్‌గా ఉంటుంది. గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెడతా, అందరూ వచ్చేస్తారు."

"వచ్చి?"

"తాంబూలం తీసుకుంటారు! దాన్ని చూస్తే భయమట వాళ్లకి."

"నాలుక చాపి, పుర్రెలు కట్టుకున్న కాళికమ్మకి దణ్ణం పెడతారు గానీ, దీన్ని చూస్తేనటే భయం?"

ఉజ్వల నవ్వు ఆపుకుంది. "అది మన అమ్మవారు కదా ఆంటీ."

ఆండాళ్‌కు వాదించే ఓపిక లేదు. గిన్నెడు గుగ్గిళ్లు అలాగే ఉన్నాయి. రేపు జ్వరమొస్తే మిరియాల చారు పట్టుకొచ్చేదీ ఈ ఆడవాళ్లే. వాళ్లతో చెడితే ఈ ఊళ్లో ఇంకెవరున్నారు? కానీ లొరెయిన్ వచ్చి, తన బొమ్మను వంకాయల పక్కన చూస్తే?

బయట కారు తలుపు చప్పుడైంది. స్టూలెక్కి చెయ్యి చాపిన ఉజ్వల వెనక్కి తిరిగింది.

"నిజం చెప్పండి ఆంటీ. అసలు పైనే ఎందుకు పెట్టారు దీన్ని?"

ఆండాళ్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

"ఇంకా పుట్టని పిల్లలకి అమ్మమ్మట అది. లొరెయిన్ చెప్పింది. వెనకటి అమ్మమ్మల పేర్లు దక్కలేదు కదా పాపం, ముందరి అమ్మమ్మని చేసుకుంది. ఇంటికొచ్చిన పెద్దావిడని వంకాయల పక్కన కూర్చోబెట్టమంటావా? నా వల్ల కాదు తల్లీ. స్టూలు దిగి, వెళ్లి తలుపు తియ్యి."