పసుపు డబ్బాలో బేరింగు

దసరాకి మా ఇంట్లో ఆయుధ పూజ చేసేటప్పుడు మా ఆయన బండికి, కూరగాయల కత్తికి, నా ల్యాప్‌టాప్‌కి బొట్లు పెట్టాక చివర్లో నేను ఇంకోదానికి కూడా పెట్టేదాన్ని. అది పగిలిన బేరింగు. వంటింటి అటక మీద పాత పసుపు డబ్బాలో, గ్రీజు గుడ్డ చుట్టి ఉండేది. "ఏంది, గిది గూడ దేవుడేనా?" అని మా ఆయన ప్రతిసారీ నవ్వేవాడు. దేవుడు కాదు, పగ. మర్చిపోతానేమోనని ఏడాదికోసారి దానికి బొట్టు పెట్టేదాన్ని.

నా మొదటి ఉద్యోగం నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో. యంత్రాలకు సెన్సార్ తగిలించి, అవి వణికే తీరు చూసి, ఏది మొరాయించబోతోందో ముందే చెప్పడం నా పని. గాలి ఊదే ఒక పెద్ద బ్లోయర్ తేడాగా వణకడం మొదలుపెట్టింది. బేరింగు పోతోంది, ఆపి మార్చాలని మేనేజరుకు చెప్పాను. ఆపితే ఆర్డరు ఆలస్యమవుతుందని ఆయన భయం. నా మాట చాలక బయటి నుంచి పేరున్న కన్సల్టెంటును పిలిపించాడు. ఆ పెద్దమనిషి బ్లోయర్ పక్కన కాసేపు నిలబడి, నా గ్రాఫులు పైపైన తిరగేసి, మేనేజరుతో అన్నాడు: "కొత్తగా వచ్చిన పిల్లలకు ప్రతి చప్పుడూ ప్రమాదంలాగే వినిపిస్తుందండీ. నడపండి, ఏం కాదు." నేను పక్కనే ఉన్నాను. నా మొహం కూడా చూడలేదు.

నడిపారు. కొద్ది రోజులకే షాఫ్టు విరిగి, బ్లోయర్ తొడుగు చీల్చుకుని బయటకొచ్చింది. అందరూ టీకి వెళ్లారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. కారణం తేల్చడానికి మళ్లీ ఆయన్నే పిలిచారు. ఏ సూచనా లేకుండా హఠాత్తుగా జరిగిందనీ, ఒకవేళ సూచన ఉన్నా చూడాల్సిన అమ్మాయి కనిపెట్టలేకపోయిందనీ తేల్చాడు. మేనేజరు నేల చూపులు చూశాడు. నన్ను రాజీనామా చేయమన్నారు. వెళ్లేముందు తుక్కు కుప్పలోంచి ఆ బేరింగు ఏరుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఒకటే మాట: "బ్లోయర్ విరిగింది మీరున్నప్పుడే కదా?" ఉప్పల్ నుంచి నాచారం దాకా ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. చేసేది లేక పీర్జాదిగూడ అపార్ట్‌మెంట్లలో నీళ్ల మోటార్లు, లిఫ్టులు చూసుకుంటూ బతికాను. నాకు ఆ ఉద్యోగం తిరిగి అక్కర్లేదు. పోయిన నా పేరు కావాలి. అది తీసినవాడి నోటితోనే కావాలి.

యంత్రాలు ఎప్పుడు చెడిపోతాయో ముందే చెప్పే ఇంజనీర్లకు ఉప్పల్‌లో ఒక సంఘం ఉంది. టిఫిన్ సెంటర్ పైన, మూడో అంతస్తులో. ఆ బిల్డింగు లిఫ్టు ఎప్పుడో చెడిపోయింది. ఎప్పుడు బాగవుతుందో మాత్రం అంతమంది నిపుణుల్లో ఒక్కరూ చెప్పలేరు. ప్రెసిడెంటు సైనిక్‌పురి నుంచి కారులో వచ్చి, ఆయాసపడుతూ మెట్లెక్కుతాడు. అవును, ఆ కన్సల్టెంటే. నేను చేరిన రోజు చక్కగా నవ్వి, "ఎక్కడ పని చేస్తున్నావమ్మా?" అని అడిగాడు. ఆయనకు నేను గుర్తే లేను. నా బతుకు మీదుగా బండి పోనిచ్చిన మనిషికి కనీసం గతుకు తగిలిన జ్ఞాపకం కూడా లేదు. ఆ రోజు మండినట్టు నాకు ఉద్యోగం పోయిన రోజు కూడా మండలేదు.

ఆ సంఘంలో పోస్ట్‌మార్టం అని ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి మీటింగుకూ కమిటీ మెంబరు ఒకరు విరిగిన భాగం తెచ్చి స్టీలు పళ్లెంలో పెడతారు. ఎక్కడిదో చెప్పకూడదు. అందరూ చేతులు మార్చుకుంటూ చూసి ఎందుకు విరిగిందో చెబుతారు, చివర్లో ప్రెసిడెంటు తీర్పు ఇస్తాడు. అప్పుడే తెచ్చినవాళ్లు అది ఏ ఫ్యాక్టరీదో బయటపెట్టాలి. పేరు విన్నాక మొహమాటం వస్తుంది కాబట్టి తీర్పు మార్చడానికి వీల్లేదు. ఈ రూలు పెట్టింది ప్రెసిడెంటే. ఆపైన ఆ ముక్కను వివరాలు రాసిన కార్డుతో సహా ఆయన కుర్చీ వెనక అద్దాల బీరువాలో పెడతారు.

ఆ రూలు విన్న రోజు నాకు తిండి సయించలేదు, అంత సంతోషం. కమిటీలోకి రావడానికి కుర్చీలు సర్దాను. సమోసాలు తెప్పించాను. ప్రెసిడెంటు జోకులకు నవ్వాను, ఒక్కో నవ్వుకూ లోపల పళ్లు నూరుకున్నాను. చివరికి జాయింట్ సెక్రటరీని చేశారు, నా వంతు వచ్చింది.

ఆదివారం పొద్దున అటక మీది డబ్బా దింపి, బేరింగు బొట్టు తుడిచి తీసుకెళ్లాను. తొందరలో ఒక మూల ఎర్రగా మిగిలిపోయింది. ట్రెజరర్ ఆ ఎరుపును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇది రాపిడి తుప్పు. ఫిట్టింగ్ లూజై ఉంటుంది" అని తేల్చేశాడు. దసరా కుంకుమ అని ఎలా చెప్పను? పెదవి కొరుక్కున్నాను. వైస్ ప్రెసిడెంటు రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. బేరింగును నెమ్మదిగా తిప్పి చూసి, "మస్తు దినాలు మొత్తుకున్నట్టుంది బిడ్డా ఇది. ఎవ్వలు ఇనలే" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రెసిడెంటు కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ వెలుగులోకి పట్టాడు. బయట మెట్రో రైలు వెళ్లేదాకా ఆగాడు. "ఇది హఠాత్తుగా పోయింది కాదు. చూడండి, ఒకచోట పెచ్చు లేచి, పాకుతూ పాకుతూ ఇక్కడిదాకా వచ్చింది. చెవి ఉన్నవాడికి చాలా ముందే వినపడుతుంది" అన్నాడు. అక్కడ ఆపినా సరిపోయేది. ఆపలేదు. "ఇది విని కూడా నడపమన్నవాడు ఎవడోగానీ, వాణ్ని మళ్లీ యంత్రం దరిదాపులకు రానివ్వకూడదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. సెక్రటరీ రాసుకున్నాడు. "ఇగ చెప్పమ్మా, ఎక్కడిది?" అని అడిగాడు.

ఫ్యాక్టరీ పేరు చెప్పాను. ప్రెసిడెంటు చేతిలో బేరింగు ఆగిపోయింది.

"నడపమన్నది మీరే సార్," అన్నాను. "బ్లోయర్ పక్కన నిలవడి మేనేజర్‌కు చెప్పిన్రు. కొత్తగ వచ్చిన పిల్ల అన్నది నన్నే."

ఆయన నా మొహం పరీక్షగా చూశాడు, మొట్టమొదటిసారి. గుర్తుపట్టాడు. తర్వాత బేరింగును మళ్లీ వెలుగులోకి ఎత్తాడు. "అంటే... గ్రీజు సంగతి కూడా చూడాలి. పూర్తి వివరాలు తెలియకుండా..."

"సార్," అన్నాడు వైస్ ప్రెసిడెంటు, "తీర్పు మార్చొద్దని రూలు వెట్టింది మీరే గదా."

సెక్రటరీ పెన్ను పట్టుకుని బిక్కమొహం వేశాడు. "మరి రాసింది గట్లనే ఉంచాల్నా సార్?"

"ఉంచండి," అన్నాడు ప్రెసిడెంటు. ఆ గొంతు పక్క కుర్చీకి కూడా సరిగా వినపడలేదు. నాకు వినపడింది.

జాలి వేయలేదా అని ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు. వేయలేదు. కడుపు చల్లబడింది, రెండు పూటలా ఆవకాయతో తిన్నాను. కార్డు నా చేత్తోనే రాశాను: ఏ ఫ్యాక్టరీ, ఏ బ్లోయర్, ముందే హెచ్చరించింది ఎవరు, నడపమన్నది ఎవరు. ఇప్పుడు టీ తాగేటప్పుడు వైస్ ప్రెసిడెంటు నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేస్తూ, "బ్లోయర్ పోతదని ముందే చెప్పిన బిడ్డ" అంటాడు. ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

ప్రెసిడెంటు రాజీనామా చేయలేదు. అలాంటివాళ్లు చేయరు. మరుసటి మీటింగుకు మాత్రం ముందే వచ్చి, తన కుర్చీని బీరువా ముందు నుంచి కిటికీ పక్కకు జరుపుకున్నాడట. నేను వెళ్లేసరికి ఫోను మాట్లాడటానికి వరండాలోకి వెళ్లి ఉన్నాడు. ఆ సంఘంలో కుర్చీలు సర్దేది మొదటి నుంచీ నేనే. ఆయన కుర్చీ తీసుకెళ్లి మళ్లీ బీరువా ముందు వేశాను. బేరింగు సరిగ్గా ఆయన తల వెనక కనిపించేలా కాస్త ఎడమకు జరిపి, నా చోటికి వచ్చి కూర్చున్నాను.